లెక్కలో ఒక దుప్పటి తక్కువ

ఉదయం ఎనిమిదింపావుకి వియన్నా నగరంలో ఒక గుమస్తా ట్రామ్ కింద పడ్డాడు. పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. తోశారని హోఫ్రాట్ విసోకీ రాసుకున్నాడు. పోలీసుల కాగితం పేపరువాళ్లకి వెళ్లింది. హోఫ్రాట్ కాగితం ఇనప్పెట్టెలోకి వెళ్లింది.

అది 1971 జనవరి. తొమ్మిదింటికల్లా ఏజెంట్ కాస్పర్ ట్రెంక్‌వాల్డర్ హోఫ్రాట్ ఎదురుగా కూర్చున్నాడు. తలుపు మీద పేరు లేని ఆఫీసు అది. హోఫ్రాట్ అన్నది పేరు కాదు, ప్రభుత్వం ఇచ్చే బిరుదు. ఒకసారి తగిలించుకున్నారంటే ఇంట్లో భార్య కూడా అలాగే పిలుస్తుంది.

"చచ్చినవాడు మనవాడే," అన్నాడు హోఫ్రాట్, కాఫీ మీది మీగడ స్పూనుతో పక్కకి తోస్తూ. "మన బీరువాలోని ఒక జాబితాని ఫొటో తీసి అవతలి గూఢచారి ముఠాకి ఇచ్చాడు. పనయ్యాక వాళ్లే తోసేశారు."

"ఏ జాబితా?"

"తూర్పు సరిహద్దు అవతల మన కోసం పనిచేస్తున్న తొమ్మిది మంది. పేర్లు, ఇళ్లు, పిల్లలు చదివే బడులతో సహా."

కాస్పర్‌కి నలభై నాలుగేళ్లు. అందులో పంతొమ్మిదేళ్లు ఈ పనికే పోయాయి. ఆ తొమ్మిది మందిలో నలుగురి చేతి వంట తిన్నాడు.

"ఫిల్మ్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది?"

"ఎటెల్కా దగ్గర."

ఆ పేరు వినగానే కాస్పర్ చెయ్యి దానంతటదే టై ముడి సర్దింది. ఎటెల్కా అవతలి ముఠా సరుకులు మోసే మనిషి. మూడేళ్లుగా ఇవతలి మనిషి కూడా. ఆమెకి ఐదు పాస్‌పోర్టులు, ఐదు పేర్లు, ఒకే ఒక్క నక్కతోలు కోటు.

"ఇటలీ సరిహద్దు కొండల్లోని ఓబర్‌షార్న్‌లో 'పోస్ట్‌మాన్' అనేవాడికి ఆమె ఆ ఫిల్మ్ అందించాలి. వాడి మొహం ఇంతవరకూ మనవాళ్లెవరూ చూడలేదు. ఆమె అసలు ఫిల్మ్ నీకిస్తుంది. మనం తయారుచేసిన దొంగ ఫిల్మ్ వాడికిచ్చి, వాడెవడో నీకు చెబుతుంది. దొంగ ఫిల్మ్ రేపటి రైల్లో వస్తుంది."

"ఓబర్‌షార్న్ మా ఊరు, హోఫ్రాట్ గారూ."

"అందుకే నిన్ను పంపిస్తున్నా. అక్కడ నిన్ను చూసి ఎవరూ ఆశ్చర్యపోరు."

"మా అక్క ఆశ్చర్యపోతుంది. చావులకి తప్ప నేను ఊరికి వెళ్లను."

హోఫ్రాట్ బల్ల కిందనుంచి ఒక స్కీ కర్ర తీశాడు. పిడిలో వైర్‌లెస్ ఉంది. మీట నొక్కితే నేరుగా వియన్నాకే మాట.

"చలికి ఆగుతుందా?"

"ఈ గదిలో ఆగింది," అన్నాడు హోఫ్రాట్.

* * *

ఓబర్‌షార్న్‌లో అందరివీ రెండేసి బతుకులు. చలికాలంలో పట్నం జనం కాళ్లకి చెక్కలు కట్టుకుని కొండ మీంచి జారడానికి వస్తారు. వేసవిలో అదే కొండ మీదికి ఆవులు మేతకి వెళతాయి. కాస్పర్ అక్క నోట్‌బుర్గాని ఊరంతా బుర్గి అంటారు. వేసవంతా ఆమె పైన మేత బయలులో, చెక్క గుడిసెలో, పద్నాలుగు ఆవులతో కాపురముండి చీజ్ చేస్తుంది. మంచు పడగానే కిందికొచ్చి కుర్చీల లిఫ్టు దగ్గర పనికి చేరుతుంది. తీగకి వేలాడే కుర్చీలో ఇరవై నిమిషాల పాటు గాలిలో పోవాలి కాబట్టి, ఎక్కే ప్రతి మనిషికీ ఒక ఉన్ని దుప్పటి ఇస్తారు. పైన దిగినవాళ్లు దాన్ని అక్కడి పెట్టెలో వేస్తారు. మర్నాడు పొద్దున దుప్పట్లన్నీ కిందికి వస్తే బుర్గి లెక్క చూసుకుంటుంది. నూట ఇరవై దుప్పట్లు. పదకొండేళ్లలో ఒక్కటి పోలేదు.

తమ్ముణ్ని గుమ్మంలో చూడగానే ఆమె గరిటె దించింది.

"ఎవర్రా పోయింది?"

"ఎవరూ పోలేదక్కా. నాలుగు రోజులు స్కీ చేద్దామని వచ్చాను."

"తూనికలు కొలతల ఆఫీసులో జనవరిలో సెలవిస్తారా?"

"ఇచ్చారుగా."

"అంటే వియన్నాలో తక్కెళ్లన్నీ సరిగ్గానే ఉన్నాయన్నమాట," అని బార్లీ సూపు పోసింది.

తూనికలు కొలతల ఆఫీసు కాస్పర్ పంతొమ్మిదేళ్ల క్రితం చెప్పిన అబద్ధం. అక్క ఏనాడూ దాన్ని గుచ్చి అడగలేదు. నమ్మింది కాబట్టే అడగలేదని అతను అనుకునేవాడు. గూఢచారులకి ఇంట్లోవాళ్ల తెలివి మీద అంత నమ్మకం ఉండదు.

లిఫ్టు మేనేజరు రోమెడ్ ఫాల్క్‌నర్ ఎదురొచ్చి భుజం మీద ఒక్కటి చరిచాడు. బడిలో ఇద్దరిదీ ఒకే బల్ల.

"ఒరేయ్ కొలతలోడా! నీ బొజ్జ చుట్టుకొలత ఎప్పుడైనా తీశావా?"

"ముందు నీ మెదడు తూచి, తర్వాత అది చూద్దాం. అంత చిన్న రాళ్లు ఇంకా దొరకలేదు."

రోమెడ్ పడీపడీ నవ్వాడు. వాడి నవ్వు చిన్నప్పటినుంచీ అంతే. పక్కవాడికి కూడా వెచ్చగా ఉంటుంది.

హోటల్ కాఫీ గదిలో ఎటెల్కా కిటికీ పక్క బల్ల దగ్గర ఉంది. కాస్పర్ వెనక బల్ల దగ్గర కూర్చుని గోడతో అన్నట్టు అన్నాడు:

"ఈ ఏడు మంచు మరీ పొడిపొడిగా ఉంది."

ఇది ఆఫీసు రాసిచ్చిన కోడ్. "మా అమ్మమ్మగారి ఊళ్లో ఇంకా పొడి" అని జవాబు రావాలి.

"మా అమ్మమ్మగారి ఊళ్లో ఇంకా పొడి," అంది, పక్క బల్ల దగ్గర కేకు తింటున్న పళ్ల డాక్టరు గారి భార్య.

ఎటెల్కా మెనూ కార్డు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. పళ్ల డాక్టరు భార్య అమ్మమ్మగారి ఊరు మొత్తం చెప్పి లేచేసరికి అరగంట పట్టింది.

"నన్ను మూడేళ్లుగా ఎరుగుదురు. ఇంకా ఈ కోడ్ ఎందుకండీ?" అంది ఎటెల్కా, అతను ఎదుట కూర్చున్నాక.

"ఆఫీసు నియమం."

"మీ ఆఫీసువాళ్లకి అమ్మమ్మల సంగతి తెలియదు. లోకంలో ప్రతి అమ్మమ్మ ఊళ్లోనూ అన్నీ ఎక్కువే."

ఆమె కాఫీలో చక్కెర వేసుకోదు. కాగితం చుట్టి ఇచ్చే చక్కెర బిళ్లని మాత్రం సంచిలో వేసుకుంటుంది. యుద్ధం రోజుల్లో, బుడాపెస్ట్‌లో, తొమ్మిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఒక చలికాలమంతా చక్కెర మొహం చూడలేదట. మూడేళ్లలో ఆమె తన గురించి చెప్పిన మాటల్లో కాస్పర్ పూర్తిగా నమ్మింది ఆ ఒక్కటే.

"రైలు మంచులో ఇరుక్కుంది," అన్నాడు. "దొంగ ఫిల్మ్ రేపటికి గాని రాదు."

"పోస్ట్‌మాన్ రేపటిదాకా ఆగడు. ఇవాళ నాలుగింటి ఆఖరి కుర్చీలో పైకి రమ్మని చీటీ వచ్చింది. పైన కలుస్తాడట."

"అయితే ఫిల్మ్ నాకిచ్చి వెళ్లండి."

"ఒట్టి చేతులతో వెళితే వాడు మొహం చూపిస్తాడా? ఫిల్మ్ కంటికి చూపిస్తాను, చేతికివ్వను. మొహం చూసి, స్కీ మీద కిందికి జారిపోతాను. ఈ కొండ నాకంటే వేగంగా దిగేవాడు లేడు."

అతను వద్దనాలి. వద్దనడానికి నోరు తెరిచాడు కూడా. కాని పంతొమ్మిదేళ్ల ఉద్యోగం పోస్ట్‌మాన్ పేరు కోసం నాలుక చాచుకుని కూర్చుంది. తెరిచిన నోటితో, "జాగ్రత్త," అన్నాడు.

ఆమె లేచి కోటు వేసుకుంది. "అయిదింటికి ఇక్కడే. రెండు కాఫీలు చెప్పి ఉంచు."

మూడేళ్లలో మొదటిసారి అతన్ని నువ్వు అంది.

* * *

అయిదింటికి రెండు కాఫీలు వచ్చాయి. అయిదున్నరకి రెండోదాని మీద మీగడ తొరక కట్టింది. బయట గాలివాన లాంటి మంచు. ఆ గాలిలో సన్నగా మరేదో వినిపించినట్టయి కాస్పర్ కిటికీ తెరిచాడు. మంచు బల్ల మీదికి కొట్టింది. "మూసేయండి సార్, అందరికీ చలి," అన్నాడు వెయిటరు. మూసేశాడు. ఆ తర్వాత ఆ కిటికీని అతను చాలాసార్లు తెరిచాడు, అన్నిసార్లూ కలలోనే.

ఆరింటికి లిఫ్టు దగ్గరికి వెళితే రోమెడ్ ఒక్కడే చక్రాలకి నూనె వేస్తున్నాడు.

"నక్కతోలు కోటావిడా? పైన దిగి, అటు ఇటలీ వైపు జారిపోయిందిరా. మంచు ముదరకముందే బైనాక్యులర్స్‌లో చూశా. ఆవిడతో నీకేం పని?"

"హోటల్లో గొడుగు మరిచిపోయింది."

"ఇంత మంచులో గొడుగా? పట్నం ఆడాళ్లు," అని రోమెడ్ నవ్వాడు. కాస్పర్‌కి ఈసారి వెచ్చగా అనిపించలేదు. చలి వల్ల అనుకున్నాడు.

గదికి వచ్చి స్కీ కర్ర మీట నొక్కాడు. ఇన్స్‌బ్రుక్ స్టేషన్ నుంచి రైతుల కార్యక్రమం వినిపించింది. పశువుల గాలికుంటు వ్యాధి గురించి పావుగంట విన్నాడు.

మర్నాడు పొద్దున లిఫ్టు దగ్గర బుర్గి గొడవ పెడుతోంది.

"నూట పంతొమ్మిదే ఉన్నాయి రోమెడ్! నిన్న మూడున్నరకే నన్ను ఇంటికి పొమ్మన్నావు. నేనుంటే పోయేదా?"

"పోతే పోయిందిలే బుర్గక్కా. కొత్తది నేను తెచ్చిపెడతా."

కాస్పర్ ఆ పక్కనుంచే సామాను మోసుకుంటూ నడిచిపోయాడు. ముగ్గురు మనుషుల గుసగుసల్లోంచి ఒక దేశ రహస్యాన్ని పట్టుకోగల చెవులు అతనివి. అక్క దుప్పటి గొడవ వాటికి ఎక్కలేదు.

వియన్నాలో ఎటెల్కా ఫైలు మీద ఎర్రసిరాతో ఒక్క మాట రాశారు: దాటిపోయింది. ఫిల్మ్‌తో సహా అవతలి ముఠాలోకి ఫిరాయించిందని అర్థం. కాస్పర్ ఆ చలికాలమంతా ఆమెను ద్వేషించాడు. శ్రద్ధగా, క్రమం తప్పకుండా, మందు వేసుకున్నట్టు.

* * *

జూన్‌లో హోఫ్రాట్ మళ్లీ పిలిచాడు.

"ఐదు నెలలయింది. తొమ్మిది మందీ ఇళ్లలో సుఖంగా సూపు తాగుతున్నారు. అవతలివాళ్లు ఒక్కణ్నీ పట్టుకోలేదు. అంటే?"

"ఫిల్మ్ వాళ్లకి చేరలేదు."

"ఆమె నిజంగా దాటి ఉంటే..."

"తొమ్మిది మందీ పోయేవారు," అన్నాడు కాస్పర్.

తొమ్మిది మందీ ఉన్నారు. అంటే ఆమె దాటలేదు. దాటకపోతే ఎక్కడుంది? ఈ లెక్క ఎంత తేలికైనదో, దాన్ని ఐదు నెలలుగా వేయకుండా తను ఎందుకు తప్పించుకున్నాడో అతనికి ఒక్కసారే అర్థమైంది. ద్రోహిగానైనా ఆమె ఎక్కడో ఒకచోట కాఫీ తాగుతూ ఉండాలనుకున్నాడు.

"మంచు కరుగుతోంది," అన్నాడు హోఫ్రాట్, అతని మొహం చూడకుండా. "మన లెక్క పోస్ట్‌మాన్ కూడా వేసుకునే ఉంటాడు. వాడికంటే ముందు వెతుకు."

ఈసారి వేషం పూల శాస్త్రవేత్త. గడ్డం, గుండ్రటి కళ్లజోడు, పూలు నొక్కే పుస్తకం, బాగుచేసిన వైర్‌లెస్‌తో చేతికర్ర. మూడు వారాల పాటు ఇటలీ వైపు వాలులో ప్రతి రాయి కిందా వెతికాడు. వెయ్యి రకాల పూలున్నాయి. ఆమె లేదు. ఇరవయ్యో రోజు కాళ్లు ఈడ్చుకుంటూ పై మేత మీదుగా వస్తుంటే గుడిసె గుమ్మంలోంచి కేక వినిపించింది.

"ప్రొఫెసర్ గారూ! మజ్జిగ తాగి వెళ్లండి. ఎడమవైపు గడ్డం ఊడుతోంది."

కాస్పర్ లోపలికి వెళ్లి కూర్చున్నాడు. "ఎలా గుర్తుపట్టావక్కా?"

"నాన్న నడకరా అది. నడకకి గడ్డం పెట్టలేదుగా నువ్వు. ఏం వెతుకుతున్నావు?"

"పూలు."

"పూలు చూసేవాడి మొహం ఇలా ఉండదు." ఆమె మజ్జిగ గిన్నె అతని ముందు పెట్టింది. "జనవరిలో, దుప్పటి పోయిన రోజే పొద్దున ఒకామె వచ్చింది, నక్కతోలు కోటు. దుప్పటి ఇస్తే చక్కెర బిళ్ల చేతిలో పెట్టి థాంక్స్ చెప్పింది. పదకొండేళ్లలో దుప్పటికి థాంక్స్ చెప్పింది ఆమె ఒక్కతే. ఆమేనా?"

కాస్పర్ గిన్నెలోకి చూస్తూ తలూపాడు. "పైన దిగి ఇటలీకి వెళ్లిందన్నారు."

"ఎవరన్నారు?"

"రోమెడ్."

బుర్గి పొయ్యి మీద పాల గంగాళం కలపడానికి లేచింది, చాలాసేపు కలిపింది.

మర్నాడే వియన్నా నుంచి కబురు. ప్రొఫెసర్ ఇంకా తిరిగితే అనుమానం వస్తుంది, వచ్చెయ్యి అని. వెళ్లే ముందు అక్క అంది: "సెప్టెంబర్‌లో ఆవులు దిగే రోజుకి రా. గడ్డం అక్కడే పెట్టి రా."

* * *

సెప్టెంబర్ పద్దెనిమిది. ఆవులు కొండ దిగే రోజు. బ్యాండు మేళం, వేయించిన రొట్టెలు, మూడు వందల మంది టూరిస్టులు. వేసవంతా పైన ఏ నష్టమూ జరగకపోతే ఆవుల తలలకి పూల కిరీటాలు కడతారు, మెడల్లో పెద్ద గంటలు వేస్తారు. ఆ గంటల మోత రెండు కొండల అవతలికి వినిపిస్తుంది.

ఆ రోజు వినిపించలేదు.

మూడున్నరకి దారి మలుపులో మొదటి ఆవు కనిపించింది. తల మీద ఒక్క పువ్వు లేదు. గంట ఉంది, కాని దాని నోట్లో ఎండుగడ్డి కుక్కి ఉంది. వెనక పదమూడు ఆవులు, పదమూడు మూగ గంటలు. అన్నిటి వెనక నల్లటి శాలువాలో బుర్గి. వట్టి గిట్టల చప్పుడు.

బ్యాండు మధ్యలో ఆగిపోయింది. ముసలివాళ్లు టోపీలు తీశారు. మేతలో చావు జరిగిందని దాని అర్థం. ఆవో, మనిషో. ఎవరని అప్పుడే అడగకూడదు. ఇంటికి చేరి, సూపు తాగాక అడగాలి.

"పూలేవి? పూలుంటాయని పుస్తకంలో రాశారే!" అంది ఒక టూరిస్టు.

ఊరివాళ్లంతా నేల చూపులు చూస్తున్నారు. అలా చూడాలి మరి. కాస్పర్ మాత్రం చూపు దించకుండా ఆవుల్ని లెక్కపెట్టాడు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. పైకి వెళ్లినవి పద్నాలుగు, దిగినవి పద్నాలుగు. అక్క బతికే ఉంది. మరి పైన పోయింది ఎవరు?

తల తిప్పాడు. వీధి అవతల ఇంకొక మనిషి కూడా నేల చూపులు చూడటం లేదు. పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. పద్నాలుగు అని ఆగాడు. పైన ఎవరో పోయి ఉన్నారని ముందే తెలిసినవాడికి తప్ప ఆ లెక్కతో పనిలేదు. ఇద్దరి చూపులూ కలిశాయి, బడిలో ఒకే బల్ల మీద ఒకే లెక్క ఒకేసారి తేల్చిన ఇద్దరు పిల్లల్లా.

పోస్ట్‌మాన్ మొహం కాస్పర్‌కి చిన్నప్పటినుంచీ తెలిసిన మొహమే. రోమెడ్ నవ్వలేదు. వెనక్కి తిరిగి లిఫ్టు వైపు నడిచాడు, తర్వాత పరిగెత్తాడు.

పైన శవం దొరికితే ఫిల్మ్ కూడా అక్కడే ఉంటుంది. కాస్పర్ ఆవుల మధ్యలోంచి, బ్యాండు డప్పు మీదుగా పరిగెత్తాడు. అతను చేరేసరికి లిఫ్టు తిరుగుతోంది, రోమెడ్ ఆరు కుర్చీల ముందు గాలిలో ఉన్నాడు. కాస్పర్ వచ్చిన కుర్చీలోకి దూకాడు. కింద ఊరు చిన్నదైంది. ఎనిమిదో స్తంభం దాటాక కొండ రెండుగా చీలి ఉంటుంది. ఊళ్లో దాన్ని గొడ్డలివాటు అంటారు. కుర్చీకీ నేలకీ మధ్య అక్కడ ఏడంతస్తుల ఎత్తు.

రోమెడ్ వెనక్కి తిరిగాడు. చేతిలో పిస్టల్.

"నా వెంట రాకురా కాస్పర్! నువ్వు తక్కెళ్లు చూసుకునేవాడివి, నీకెందుకిది?"

కాస్పర్ చేతికర్ర మీట నొక్కాడు. "...రేపు పర్వత ప్రాంతాల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది," అంది ఇన్స్‌బ్రుక్ స్టేషన్.

రోమెడ్ గురి చూశాడు. సరిగ్గా వేలు బిగిసిన క్షణంలో తీగ ఒక్క కుదుపు కుదిపి ఆగింది. కుర్చీలన్నీ ఊయలల్లా ముందుకీ వెనక్కీ ఊగాయి. గుండు ఆకాశంలోకి పోయింది.

స్తంభాల మీది లౌడ్‌స్పీకర్ గరగరమంది. చలికాలంలో మంచు వివరాలు చెప్పే స్పీకర్ అది.

"నాలుగయింది," అంది బుర్గి గొంతు. "లిఫ్టు మూసేశాం."

కాస్పర్ కిందికి చూశాడు. కింది స్టేషన్ దగ్గర మూడు వందల మొహాలు పైకెత్తి ఉన్నాయి. చాలామంది చేతుల్లో కెమెరాలు. గుంపు ముందు టోపీ పెట్టుకున్న పోలీసు.

"రోమెడ్, నువ్వున్నది తొమ్మిదో స్తంభం. జనవరిలో ఆమెను ఆపింది కూడా అక్కడే. నన్ను ముందే ఇంటికి పంపించి, పైనున్న మనిషినీ పంపించి, మీట కిందికి లాగావు. తెల్లారేసరికి గడ్డకట్టి ఉంటుందనుకున్నావు. ఆమె ఆగలేదు. దూకింది."

రోమెడ్ మొహం పాలిపోయింది. "నేనామెను తోయలేదురా!" అని కాస్పర్ వైపు అరిచాడు. "రెండు వైపులా పనిచేస్తోందని తెలిసి మీట లాగానంతే! పొద్దున ఫిల్మ్ తీసుకుందామని చూస్తే కుర్చీ ఖాళీ!"

"అరిచిందా?" అన్నాడు కాస్పర్.

గాలికి కుర్చీ కిర్రుమంది. రోమెడ్ కిందికి, గొడ్డలివాటులోకి చూశాడు.

"అరిచింది. గంట దాకా."

కాస్పర్ కళ్లు మూసుకున్నాడు. అయిదున్నర, తొరక కట్టిన కాఫీ, తెరిచి మూసిన కిటికీ.

"పిస్టల్ కింద పడెయ్ రోమెడ్," అంది లౌడ్‌స్పీకర్. "అది రాళ్ల మీద పడ్డ చప్పుడు వినిపిస్తే మీట ఎత్తుతాను. లేదంటే అక్కడే ఉండు. పొద్దు వాలుతోంది. నీకివ్వడానికి నా దగ్గర దుప్పటి లేదు. లెక్కలో ఒకటి తక్కువుంది."

పిస్టల్ గొడ్డలివాటులో పడింది. అది కిందికి చేరేదాకా ఊరంతా ఊపిరి బిగబట్టి విన్నది.

* * *

రోమెడ్‌ని పోలీసు జీపు తీసుకుపోయాక, ఇంటికి చేరి, సూపు తాగాక, కాస్పర్ అడిగాడు.

"ఎప్పుడు దొరికింది?"

"ఆగస్టు పదకొండు. గొడ్డలివాటులో మంచు అప్పటికిగాని కరగదు. పెద్దావు అంచున నిలబడి ఎంత తోలినా కదల్లేదు. వంగి చూస్తే మన దుప్పటి. లిఫ్టు గుర్తు కనిపిస్తోంది." బుర్గి చేతులు ఒళ్లో పెట్టుకుంది. "పైన దిగిన మనిషైతే దుప్పటి పెట్టెలో వేసేదిరా. చుట్టుకునే ఉంది. చిన్నపిల్లలా."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"తూనికలు కొలతల ఆఫీసుకి ఫోన్ చేశాను. ఆ పేరుగలవాడు ఇక్కడ లేడన్నారు. ఉత్తరం రాశాను, తిరిగొచ్చింది. ఊళ్లో చెబితే సాయంత్రానికి రోమెడ్ చెవిన పడుతుంది. గుడిసె వెనక నేనే పూడ్చాను, నాకొచ్చిన ప్రార్థన చదివాను. నోరు మూసుకోవడం నాకు చేతనవును. పూలు కట్టి ఆవులచేత అబద్ధమాడించడం చేతకాలేదు."

ఆమె లేచి, మూలనున్న పెద్దావు గంట తెచ్చి, నోట్లోంచి ఎండుగడ్డి పీకింది. గడ్డితోపాటు బొటనవేలంత రేకు డబ్బీ బల్ల మీద పడింది.

"ఆమె చేతితొడుగులో కుట్టి ఉంది. దీనికోసమేనా ఇదంతా?"

కాస్పర్ డబ్బీ మూత తీసి, ఫిల్మ్‌ని వెలుతురుకి పట్టి చూశాడు. తొమ్మిది పేర్లు. పొయ్యి తలుపు తెరిచి లోపల వేశాడు. తొమ్మిది ఇళ్లలో ఆ సాయంత్రం ఎవరికీ ఏమీ తెలియకుండా సూపు చల్లారుతూ ఉంటుంది.

"ఆమె జేబులో ఇంకోటి దొరికింది," అని బుర్గి ప్రార్థన పుస్తకం తెరిచింది. పేజీల మధ్య చక్కెర బిళ్ల చుట్టిన చిన్న కాగితం, దాని మీద హోటల్ పేరు. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది. మడతలు మాత్రం నలక్కుండా ఉన్నాయి.

కాస్పర్ దాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. బుర్గి దీపం వెలిగించలేదు. చీకట్లోనే అడిగింది:

"శిలువ మీద ఏం పేరు చెక్కించను?"

అతనికి ఐదు పేర్లు తెలుసు. వాటిలో అమ్మ పెట్టింది ఏదో, అసలు వాటిలో ఉందో లేదో తెలియదు. "ఎటెల్కా అని చెక్కించు. ఆ పేరుతో పిలిస్తే పలికేది."

వియన్నాలో ఫైలు మీది ఎర్రసిరా మాట కొట్టేయమని అడిగాడు. ఫైళ్లలో కొట్టివేతలు కుదరవు అన్నాడు హోఫ్రాట్. కాసేపు ఆలోచించి, కలం తీసి, దాని కిందే స్వయంగా రాశాడు: దాటలేదు.

కాస్పర్ ఇప్పుడు జనవరిలోనూ జూన్‌లోనూ ఊరికి వెళతాడు, ఎవరూ చావకపోయినా. తూనికలు కొలతల ఆఫీసని చెప్పడం మానలేదు. ఊరంతా మర్యాదగా నమ్ముతోంది. జనవరిలో హోటల్‌లో రెండు కాఫీలు చెప్పి, అడగకుండానే కిటికీ తెరిచి కూర్చుంటాడు. వెయిటరు ఏమీ అనడు.

వేసవిలో పై మేతకి వెళతాడు. బుర్గి మందలో ఒక తెల్లచుక్కల దూడకి ఎటెల్కా అని పేరు పెట్టింది. అది మూడో వేసవికి పాడి ఆవైంది. మందలో నిలవదు, కంచె అన్నమాట పట్టించుకోదు. పొద్దున్నే సరిహద్దు దాటి ఇటలీ గడ్డి మేస్తుంది, మధ్యాహ్నం ఇటువైపు గడ్డి మేస్తుంది. రెండు దేశాల కాపలావాళ్లూ దాని మీద ఫిర్యాదులు రాసుకున్నారు. పాలు మాత్రం రోజూ సాయంత్రం బుర్గి బిందెలోకే వస్తాయి.